మా హాలుకి పాతకాలం కళ

ఫ్లాట్‌లో మండువా లోగిలి ఎలాగూ రాదని తెలుసు, అయినా హాలొక్కటైనా అమ్మమ్మగారి ఇంటిలా ఉండాలని ఆరు నెలలు తిప్పలు పడ్డాను. టేకు ఉయ్యాల బల్ల దొరికింది కానీ శ్లాబుకి కొక్కేలు వెయ్యనన్నాడు మేస్త్రీ, ఇప్పుడది గోడవారన దివాన్‌లా పడి ఉంది (మధ్యాహ్నం కునుక్కి మాత్రం భలే ఉంటుంది!).

నేలకి ఆత్తంగుడి టైల్స్. తమిళనాడులో కారైకుడి దగ్గరున్న ఆత్తంగుడి ఊళ్లోనే గాజు పలక మీద రంగు సిమెంటు పోసి చేతితో చేస్తారు, బట్టీలో కాల్చరు, నీళ్లలో నానబెట్టి ఆరబెడతారంతే. వేసిన కొత్తలో వెలవెలబోతుంటే నాకు ఏడుపొక్కటే తక్కువ. రోజూ తడిగుడ్డతో తుడుస్తూ, అప్పుడప్పుడూ కాస్త కొబ్బరినూనె పూస్తుంటే ఇప్పుడు నిగనిగలాడుతున్నాయి. కర్టెన్లకి పెడన కలంకారీ, చెక్క అచ్చులతో అద్దింది.

టీవీ ఎక్కడ దాచాలో మాత్రం ఇంకా తేలలేదు.