మాక్యులా జబ్బులో మాత్రలు చేసేదేమిటి, చేయలేనిదేమిటి

కంటి వెనకుండే తెర రెటీనా, దాని నడిమి భాగం మాక్యులా. వయసుతో వచ్చే మాక్యులా క్షీణత నా కుడికంట్లో తడిరకంగా మారింది. రెటీనా కింద కొత్త రక్తనాళాలు పుట్టి ద్రవం కారడంతో నిటారు గీతలు వంకరగా కనిపించేవి. కంట్లోకి ఆ కొత్త రక్తనాళాలను అణిచే యాంటీ వీఈజీఎఫ్ ఇంజెక్షన్లు ఇచ్చాక ద్రవం ఇంకి, గీతలు చాలావరకు సరయ్యాయి. ఆ మేలు ఇంజెక్షన్లదే. రోజూ వేసుకునే యాంటీఆక్సిడెంట్ మాత్రలు మాత్రం ఎడమకంటిని కాపాడుకోవడానికి. పోయిన చూపును అవి తిరిగి తేలేవు.

రెటీనా ఆక్సిజన్‌ను విపరీతంగా వాడుకుంటుంది. పైగా దానిమీద పగలంతా వెలుతురు పడుతుంది. కాంతిని పట్టే కణాల పొరల నిండా తేలిగ్గా ఆక్సీకరణ చెందే డీహెచ్ఏ కొవ్వు ఉంటుంది. ఆ కణాల కొసలు రోజూ రాలుతుంటాయి. వెనకున్న పిగ్మెంట్ పొర వాటిని మింగి అరిగించుకోవాలి. వయసు పైబడేకొద్దీ అరగని చెత్త లిపోఫుసిన్‌గా పేరుకుపోతుంది. దానిమీద నీలికాంతి పడితే కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ పుడతాయి. యాంటీఆక్సిడెంట్లు అడ్డుకునేది వాటినే. ల్యూటిన్, జియాజాంథిన్ అనే పసుపురంగు పదార్థాలు మాక్యులాలోనే చేరి ఆ నీలికాంతిని కొంత వడగడతాయి.

మాత్రల డబ్బామీద "కంటికి మంచిది" అన్న మాట చాలదు, మోతాదు చూడాలి. ఈ జబ్బుమీద జరిగిన పెద్ద అధ్యయనం ఏఆర్‌ఈడీఎస్2 ప్రకారం రోజుకు విటమిన్ సి 500 మిల్లీగ్రాములు, విటమిన్ ఇ 400 ఐయూ (విటమిన్లను కొలిచే యూనిట్), జింక్ 80, రాగి 2, ల్యూటిన్ 10, జియాజాంథిన్ 2 మిల్లీగ్రాములు. ఇంత జింక్ ఒంట్లో రాగిని తగ్గించి రక్తహీనత తేవచ్చు, అందుకే రాగి కలుపుతారు. 2001 నాటి పాత ఫార్ములాలో బీటాకెరోటిన్ ఉండేది. పొగతాగేవాళ్లకు, మానేసినవాళ్లకు అది ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెంచుతుంది కాబట్టి వద్దు.

ఈ మోతాదు మధ్యస్థ దశవాళ్లకు, లేదా నాలాగా ఒక కంట్లో జబ్బు ముదిరినవాళ్లకు. వాళ్లలో అయిదేళ్లలో జబ్బు ముదిరే ముప్పు పాతిక శాతం దాకా తగ్గింది. తొలిదశలో ఉపయోగం కనబడలేదు, శుక్లాలనూ ఇవి ఆపవు. జబ్బు రాకుండా ముందుజాగ్రత్తగా వేసుకోవడంలో అర్థం లేదు.

పరగడుపున వేసుకుంటే జింక్ వికారం పుట్టిస్తుంది. ల్యూటిన్ ఒంటబట్టాలంటే కొవ్వు కావాలి. అందుకే భోజనంతోనే వేసుకోవాలి. సిప్రోఫ్లాక్సాసిన్, టెట్రాసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్స్‌ను జింక్ ఒంటికి పట్టనివ్వదు, రెంటికీ మధ్య కొన్ని గంటల ఎడం ఉండాలి. రక్తం పలచబడే మందు వాడేవాళ్లు విటమిన్ ఇ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.

మాత్రలు వేసుకుంటున్నా చూపులో వంకరను పట్టిచ్చే ఆమ్‌స్లర్ గడుల కాగితం పరీక్ష మానకూడదు. చదివే కళ్లజోడు పెట్టుకుని, ఒక కన్ను మూసి, గడుల నడుమ చుక్కను చూడాలి. తర్వాత రెండో కన్ను. రెండు కళ్లతో కలిపి చూస్తే బాగున్న కన్ను లోపాన్ని కప్పేస్తుంది. కొత్తగా వంకరగానీ మచ్చగానీ కనబడితే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెంటనే రెటీనా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.