గిటారుకీ ఒక సీటు

గౌహతి పల్టన్ బజార్ సుమో స్టాండులో నా ముందున్న పెద్దాయన రెండు టికెట్లు కొన్నాడు. ఒకటి తనకి, రెండోది తన గిటారుకి. నల్లటి గట్టి పెట్టెలో ఉన్న ఆ గిటారు మధ్య వరసలో కిటికీ పక్కన దర్జాగా నిలబడింది. దాని పక్కన ఆయన, ఆయన పక్కన నేను, నా పక్కన ఒళ్ళో బట్టల మూటతో ఒక భారీ మనిషి. షిల్లాంగ్ సుమో ఎక్కినవాళ్ళకి ఈ లెక్క తెలిసిందే. ముందు ఇద్దరు, మధ్యలో నలుగురు, వెనక నలుగురు, నిండితే గాని కదలదు. కిటికీ గాలి గిటారుకి, చెమట నాకు.

అప్పటికే నా మూడ్ బాగాలేదు. ఎయిర్‌పోర్టు బయట ట్యాక్సీ అతను షిల్లాంగ్‌కి 3,500 అన్నాడు. వంద పైచిలుకు కిలోమీటర్ల దూరానికి. ఇదేం అన్యాయం అంటే "సీజన్ సార్" అన్నాడు. నెత్తిన వాన ధారగా కురుస్తోంది, ఆ మాట అనడానికి గొంతు ఎలా వచ్చిందో. ఆ కోపంతోనే సుమో స్టాండుకి వచ్చి పడ్డాను. వస్తే ఇక్కడ ఈ గిటారు.

"పైన క్యారియర్ మీద కట్టేస్తే పోయేది కదా బా, టార్పాలిన్ కప్పారుగా" అన్నాను హిందీలో. డ్రైవరు ఆయన్ని బా అంటుంటే నేనూ అదే అందుకున్నాను.

"మెడ వంగిపోయింది. ఇప్పుడే బాగుచేయించి తెస్తున్నా" అన్నాడు. ఆయన చెప్పేది తన మెడ గురించి కాదని తెలియడానికి నాకు కాస్త టైం పట్టింది.

జోరాబాట్ దాటేలోపే ఆ మెడ చరిత్ర మొత్తం విన్నాను. ఉక్కు తీగల గిటారు శ్రుతిలో ఉందంటే ఆరు తీగలూ కలిసి దాని మెడని దాదాపు 70 కిలోల బలంతో లాగుతూనే ఉంటాయి. అందుకే మెడ లోపల ఒక ఇనప కడ్డీ పెడతారు, మెడ వంగితే ఆ కడ్డీని బిగించి సరిచేస్తారు. కానీ చెక్క వానాకాలంలో తేమ పీల్చి ఉబ్బుతుంది, చలికాలంలో ఎండి ముడుచుకుంటుంది. షిల్లాంగ్ లాంటి ఊళ్ళో ఏటా అదే తంతు. ఒక దశ దాటాక కడ్డీ తిప్పితే సరిపోదు, మనిషి చెయ్యి పడాలి. ఇప్పుడు తీగలు వదులు చేసి తెస్తున్నాడు. నాంగ్‌పోలో టీకి ఆగినప్పుడు వెనక వరస కుర్రాళ్ళు ఒక పాట వాయించమని బతిమాలారు. పెట్టె తెరిచి, లోపలంతా క్షేమమో కాదో చూసుకుని, మూసేశాడు. వాయించలేదు. నేనైతే వాయించి ఉండేవాణ్ణి. వదులు తీగలైనా సరే.

ఇంత గిటారు పిచ్చి ఉన్నాయన కదా, నేను వెళ్తున్న పని చెబితే సంతోషిస్తాడనుకున్నాను. మే 24కి వెళ్తున్నాను, డిలాన్ పుట్టినరోజు కచేరీకి, హైదరాబాద్ నుంచి ప్రత్యేకంగా దీని కోసమే వచ్చాను అన్నాను. ఆయన మొహంలో జాలి కనిపించింది.

"ఆ మేక గొంతు కోసమా? అతని పాటలు బాగుంటాయిలే, ఇంకెవరైనా పాడితే."

ఆయనది జిమ్ రీవ్స్ పార్టీ, అమెరికన్ కంట్రీ పాటల గాయకుడు. ఆదివారం చర్చిలో వాయిస్తాడు. మిగతా రోజుల్లో గిటారు పెట్టెలోనే ఉంటుందట.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. పాటలు రాసి పాడే బాబ్ డిలాన్ పుట్టింది 1941 మే 24న, అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని డులూత్‌లో. షిల్లాంగ్ గాయకుడు లూ మాజావ్ 1972 నుంచి ఏటా ఆ రోజున డిలాన్ పాటలతో కచేరీ చేస్తున్నాడు. మోకాళ్ళ పైకి కత్తిరించిన జీన్స్, రెండు కాళ్ళకి రెండు రంగుల మేజోళ్ళు, భుజాల దాకా తెల్ల జుట్టు. ఎప్పుడు ఫోటోలో చూసినా ఇదే వేషం. ఎక్కడో భూగోళానికి అటువైపు పుట్టినవాడి పుట్టినరోజు ఈ ఖాసీ కొండల్లో ఊరి పండగ ఎందుకైందో చూడాలని నాకు చాలా కాలంగా కోరిక. ఇంకో కోరిక కూడా ఉంది, అది చిన్నది. నాలుగు అడుగుల దూరం నుంచి గిటారు వాయించే వేళ్ళు చూడాలి. మన నగరాల్లో స్టేడియం కచేరీకి వేలు పోసి వెళ్తే గిటారిస్టు అగ్గిపుల్లంత కనిపిస్తాడు, చివరికి పక్కనున్న పెద్ద తెర మీదే చూసి వస్తాం. దానికి ఇంట్లో టీవీ ఉంది.

ఊరి గురించి ఎక్కువ చెప్పను. ఉమియం చెరువు దగ్గర మబ్బు దిగి ఉంది, ఏమీ కనపడలేదు. పోలీస్ బజార్లో గది 2,800, వేడినీళ్ళు బకెట్లో. ఊరంతా నలుపు పసుపు చిన్న ట్యాక్సీలు, వాటన్నిటికీ కలిపి ఒకటే రోడ్డు. చిరపుంజి వెళ్ళాను, దావ్‌కీ వెళ్ళాను, అందరి ఫోన్లలో ఉన్న ఫోటోలే నా ఫోన్లోనూ ఉన్నాయి. జదో అనే మాంసం అన్నం మాత్రం రెండోసారి అడిగి పెట్టించుకున్నాను. హోటల్ నడిపే ఆవిడని అందరూ కాంగ్ అంటారు, అంటే అక్కే. డిలాన్ కచేరీకి వచ్చానని తెలిసి ఆవిడ నవ్వి, ఇంకో గరిటె వడ్డించింది.

కచేరీ సాయంత్రం. చెప్పిన టైముకి మొదలవలేదు, అది ఏ ఊళ్ళోనైనా అంతే. హాల్లోకి అందరం తడిసిన జాకెట్లతో వచ్చాం. గొడుగుల నీళ్ళు నేలంతా పారుతున్నాయి. ఆ తేమలో గిటార్లు శ్రుతి నిలవక, ఒక బ్యాండు దిగి ఇంకో బ్యాండు ఎక్కేసరికల్లా మళ్ళీ శ్రుతి చేసుకోవడమే. ఇప్పుడు చాలామంది గిటారు తలకి క్లిప్పులా తగిలించే ట్యూనర్ వాడుతున్నారు, పచ్చ లైటు వెలిగితే శ్రుతి కుదిరినట్టు. ఒక అమ్మాయి మాత్రం చెవితోనే చేసుకుంది. ఐదో మెట్టు దగ్గర ఒక తీగని వేలితో అలా తాకి వదిలింది, ఏడో మెట్టు దగ్గర పక్క తీగని. రెండు నాదాలూ కలిసి మోగుతుంటే మధ్యలో వవ్ వవ్ వవ్ మని ఒక ఊపు వస్తుంది. ఆమె బిరడా తిప్పుతుంటే ఆ ఊపు నెమ్మదించి, నెమ్మదించి, ఆగిపోయింది. నేను మూడో వరసలో ఉన్నాను, స్పష్టంగా వినబడింది. మన సభల్లో మృదంగం శ్రుతి చేస్తుంటే మనం క్యాంటీన్లో ఇడ్లీ ఉందో లేదో కనుక్కుంటాం. ఇక్కడ ఆ అమ్మాయి శ్రుతి చేసుకుంటున్నంతసేపూ ఒక్కడు దగ్గలేదు.

ఆమె పాడింది 'నాకింగ్ ఆన్ హెవెన్స్ డోర్'. గిటారు పట్టుకున్న ప్రతివాడూ మొదటి నెలలో నేర్చుకునే పాట. వేళ్ళ పట్లు జి, డి, ఎ మైనర్, మళ్ళీ జి, డి, ఆఖర్న సి. అంతే. 1973లో ఒక కౌబాయ్ సినిమా కోసం డిలాన్ రాశాడు, ఆ సినిమాలో చిన్న వేషం కూడా వేశాడు. రెండో చరణంలో ఆమె గిటారు సన్న తీగ టప్ మని తెగింది. తెగి ముంజేతికి తగిలింది కూడా. ఆమె ఆపలేదు, ఐదు తీగలతో ఇంకాసేపు లాగి, ఇక కుదరక పక్కకి చూసింది. ఇంకో బ్యాండు కుర్రాడు తన గిటారు మెడలోంచి తీస్తున్నాడు, బెల్టు చిక్కుపడింది.

ఆ ఖాళీని నింపింది జనం. పల్లవి ఎత్తుకున్నారు. ఇందులో వింతేముంది, ఎక్కడైనా ఎత్తుకుంటారు అంటారు మీరు. నేనూ గొంతు కలిపాను. కలిపాక గానీ తెలియలేదు, నా చుట్టూ ఎవ్వరూ నేను పాడే స్వరం పాడటం లేదు. ముందు వరస ఆడపిల్లలు నా కంటే పైన ఎక్కడో పట్టుకున్నారు, కుడివైపు ముసలాయన అడుగున మంద్రంలో ఉన్నాడు, వెనక ఎవరో మధ్యలో ఇంకో దారిలో వెళ్తున్నారు. అన్నీ కలిసి నిలబడుతున్నాయి. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, రిహార్సల్ లేదు, చేతులూపే మాస్టారు లేడు. వాన జాకెట్లలో, టీ కప్పులతో నిలబడి నాలుగు గొంతుకల్లో పాడేస్తున్నారు. మనం వెయ్యి మందిమి కలిసి పాడినా అందరిదీ ఒకే స్వరం, భజనైనా జాతీయగీతమైనా. నాకు వచ్చింది ఆ ఒక్క దారే. కాసేపటికి నోరు మూసుకుని వినడమే మేలనిపించింది.

పక్కనున్న కాలేజీ కుర్రాణ్ణి అడిగితే, "చర్చి" అన్నాడు ఒక్క ముక్కలో. 1841లో థామస్ జోన్స్ అనే వెల్ష్ మిషనరీ చిరపుంజి వచ్చాడు. ఖాసీ భాషకి రోమన్ లిపి పెట్టింది ఆయనే. వెల్ష్ వాళ్ళ చర్చి పాటలే నాలుగు గొంతుకల పాటలు, సొప్రానో, ఆల్టో, టెనర్, బేస్. చిన్నప్పటి నుంచి ప్రతి ఆదివారం తన గొంతు ఏ వరసలోదో తెలుసుకుని పాడేవాడు డిలాన్ పాటకి వచ్చినా అదే చేస్తాడు. అప్పుడు నాకు సుమోలో ఆయన గుర్తొచ్చాడు. ఈ మేక గొంతు పాటని ఇంకెవరైనా పాడితే బాగుంటుందన్నాడుగా, ఇదిగో పాడుతున్నారు. హాలంతా కళ్ళతో వెతికాను. రాలేదు.

గిటారు మార్చుకుని ఆ అమ్మాయి మళ్ళీ అందుకుంది. జనం గొంతు తగ్గించారు. వెనక నుంచి ఒక తాగుబోతు మాత్రం కచేరీ పొడుగునా "హోటల్ కాలిఫోర్నియా" అని అరుస్తూనే ఉన్నాడు. డిలాన్‌కి ఆ పాటతో సంబంధం లేదని ఎవరు చెప్పినా వినలేదు. వాణ్ణి చూస్తే చిన్నప్పటి మా ఊరి శ్రీరామనవమి పందిరి గుర్తొచ్చింది. సినిమా పాటల ఆర్కెస్ట్రా వస్తే జనం పని చీటీలు పంపడం. ఘంటసాల పాట నడుస్తుంటే బాలు పాట కావాలని చీటీ. గిటారిస్టు వెనక మూలన నిలబడి ఉండేవాడు, అతని వైపు చూసేది నేనొక్కణ్ణే అనుకుంటా. మన సినిమాల్లో గిటారు పరిస్థితి ఇంకా ఘోరం. ఎలక్ట్రిక్ గిటారు మెడలో వేసుకుని హీరో కొండల మీద పాడతాడు, వైరు ఉండదు, ఎడమచెయ్యి పాట మొత్తం ఒకే చోట ఉంటుంది.

లూ మాజావ్ వచ్చాడు. మేజోళ్ళు నిజంగానే రెండు రంగులు. మెడకి తగిలించిన చట్రంలో మౌతార్గాన్, చేతుల్లో గిటారు. గొంతులో గరుకుదనం ఉంది, అది ఆ పాటలకి కావలసిందే. ఆయన గురించి ఇంకా ఎక్కువ రాయాలని బయల్దేరినవాణ్ణే, కానీ నిజం చెప్పాలంటే ఆ పూట నా చూపు స్టేజీ మీద తక్కువా జనం మీద ఎక్కువా ఉంది. నాలుగు అడుగుల దూరంలో వేళ్ళు చూడాలని వచ్చి, వెనక్కి తిరిగి నిలబడ్డాను.

మర్నాడంతా వాన. గది కదలలేదు. ఫోన్లో 'ఎ కంప్లీట్ అన్‌నోన్' మళ్ళీ పెట్టాను. డిలాన్ మీద జేమ్స్ మాంగోల్డ్ తీసిన 2024 సినిమా. డిలాన్‌గా వేసిన టిమొతీ షాలమే ఏళ్ళ తరబడి నేర్చుకుని సొంతంగా పాడాడు, వాయించాడు, వేళ్ళు పడాల్సిన చోటే పడతాయి. ఆ మాటకి కాదనను. నా పేచీ అందులోని జనంతో. 1965 జూలైలో న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో డిలాన్ ఎలక్ట్రిక్ గిటారుతో వస్తాడు, జనం గోల చేస్తారు, ఒకడు "జూడాస్", అంటే ద్రోహి, అని అరుస్తాడు. ఆ అరుపు న్యూపోర్ట్‌ది కానే కాదు. మరుసటి ఏడాది మే నెలలో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో అరిచాడొకడు. సినిమా వాళ్ళు దాన్ని తెచ్చి ఇక్కడ అతికించారు. కథకి విలన్ కావాలి, జనాన్ని విలన్ని చేశారు. మొదటిసారి చూసినప్పుడు ఇది నాకు పట్టలేదు. ఇప్పుడు విసుగొచ్చింది.

స్కోర్సేసీ తీసిన 'ది లాస్ట్ వాల్ట్జ్' ఇంకో రకం. 1976లో శాన్‌ఫ్రాన్సిస్కోలో 'ది బ్యాండ్' అనే రాక్ బృందం చేసిన వీడ్కోలు కచేరీ అది. సినిమా 1978లో వచ్చింది. దాంట్లో జనం దాదాపు కనపడనే కనపడరు, కెమెరా ఎప్పుడూ స్టేజీ మీదే. అయినా దాన్ని క్షమిస్తాను, ఒక్క షాట్ కోసం. అతిథిగా వచ్చిన గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ సోలో ఎత్తుకోగానే గిటారు బెల్టు ఊడిపోతుంది. ఒక్క దరువు కూడా తప్పకుండా ఆ బృందం గిటారిస్టు రాబీ రాబర్ట్‌సన్ ఆ సోలోని అందుకుంటాడు. అక్కడ సాటి గిటారిస్టు అందుకున్నాడు, నిన్న హాలు మొత్తం అందుకుంది, తేడా అదే. మన 'శంకరాభరణం'లో శాస్త్రిగారి బాధ కూడా సగం జనం గురించే కదా. ఇంటి ముందుకొచ్చి గిటార్లతో గోల చేసిన కుర్రాళ్ళకి ఆయన బుద్ధి చెప్పే సీన్ అందరికీ నచ్చుతుంది. నాకు చిన్నప్పుడు ఆ గిటార్లే నచ్చాయి. ఇంట్లో అనలేదు.

హైదరాబాద్ వచ్చాక మా స్నేహితుడు వీడియో చూపించమన్నాడు. చూపించాను. వెనక్కి తిరిగి తీసిందే ఎక్కువ, ముసలాయన గడ్డం, గొడుగులు, మధ్యలో "హోటల్ కాలిఫోర్నియా". "గిటార్లేవిరా? దీనికా విమానం ఖర్చు?" అన్నాడు. సౌండు కూడా నాసిరకంగా ఉందన్నాడు, అది నిజమే, హాల్లోనే బేస్ గుటగుటలాడింది. ఫిబ్రవరిలో బొంబాయి బాంద్రాలో మెహబూబ్ స్టూడియోలో జరిగే బ్లూస్ ఉత్సవానికి వెళ్దామంటున్నాడు. 2011లో మొదటి ఏడాదే అమెరికన్ బ్లూస్ గిటారిస్టు బడ్డీ గై వచ్చి వాయించిన చోటు అది. టికెట్ రేటు చూశాను. అదీ, బాంద్రాలో గదీ కలిపితే షిల్లాంగ్ ట్యాక్సీ అతను ధర్మాత్ముడు. అయినా వస్తానన్నాను.