బావ ఐపీ పెట్టారు, షెడ్డు నడుస్తోంది: నా అనుభవం

పోయిన గురువారం మా బావను దివాలాదారుగా ప్రకటిస్తూ కోర్టు ఆర్డరు ఇచ్చింది. అదే రోజు మధ్యాహ్నం బాలానగర్‌లో మా షెడ్డులో ఆరు మిషన్లలో ఐదు నడుస్తున్నాయి. ఆరోది ఎందుకు లేదో కింద చెబుతాను. ఐపీ (కోర్టులో వేసే దివాలా అర్జీ) అంటే ఇల్లూ వాకిలీ దుకాణం అన్నీ ఒకేసారి పోవడమేనని మన దగ్గర అందరూ అనుకుంటారు. మనిషి అప్పు మనిషిదే, ఫర్మ్ ఆస్తి ఫర్మ్‌దే. కాకపోతే ఆ గీత కాగితం మీద ఉండాలి, అది కూడా గొడవ మొదలు కాకముందే.

మాది పంపు షాఫ్టులు, బుష్‌లు, ఫ్లాంజ్‌లు చేసే జాబ్‌వర్క్. బావ, నేను ఇద్దరమే భాగస్వాములం. బావ అప్పులకు, షెడ్డుకు సంబంధం లేదు. స్నేహితుల చిట్టీలకు ష్యూరిటీ సంతకాలు, ప్లాటు కోసం నూటికి మూడు రూపాయల వడ్డీకి రాసిచ్చిన నోట్లు, ఒక పర్సనల్ లోను. నాకు తెలిసేసరికి రెండు లీగల్ నోటీసులు వచ్చేసి ఉన్నాయి. దావా ఇంకా పడలేదు. మమ్మల్ని కాపాడింది ఆ మధ్యలో దొరికిన నాలుగు నెలలే.

ముందు డీడ్ (భాగస్వామ్య ఒప్పంద పత్రం) తీసి చూశాం. దివాలా గురించి ఒక్క ముక్క లేదు. 1932 భాగస్వామ్య చట్టం 34వ సెక్షన్ ప్రకారం కోర్టు దివాలాదారుగా ప్రకటించిన రోజే ఆ వ్యక్తి భాగస్వామి కాకుండా పోతాడు. డీడ్‌లో వేరేగా రాసుకోకపోతే 42వ సెక్షన్ కింద ఫర్మే రద్దవుతుంది. రాసుకున్నా ఇద్దరే ఉంటే లాభం లేదు, ఒకడు పోతే మిగిలిన ఒక్కడితో ఫర్మ్ ఉండదు. అప్పుడు పాన్ మారుతుంది, జీఎస్టీ కొత్తది తీసుకోవాలి, కస్టమర్ల దగ్గర వెండర్ కోడ్ మళ్లీ మొదటి నుంచి. అందుకని మూడో మనిషి కావాలి. "అక్కను పెట్టండి" అని ఇంట్లో వాళ్లన్నారు. నేను ఒప్పుకోలేదు. అప్పులపాలైన మనిషి భార్యను అదే నెలలో భాగస్వామిని చేస్తే ఆ కాగితాన్ని ఎవరూ నమ్మరు. పద్నాలుగేళ్లుగా మా దగ్గరున్న ఫోర్‌మన్‌ను అడిగాం. లక్ష రూపాయలు తన ఖాతా నుంచి ఫర్మ్ ఖాతాకు చెక్కు ద్వారా పెట్టుబడి పెట్టి ఐదు శాతం వాటాతో చేరాడు. ఆ వాటా నా భాగంలోంచి ఇచ్చాను, బావ వాటాను గుండుసూదంత కూడా కదపలేదు.

డీడ్‌లో కొత్తగా రాసింది ఇదీ: ఏ భాగస్వామి దివాలా అయినా ఫర్మ్ రద్దు కాదు, మిగిలినవాళ్లు కొనసాగిస్తారు, ఆర్డరు తేదీ నాటికి బ్యాలెన్స్ షీటు తీసి, మిషన్లకు రిజిస్టర్డ్ వాల్యూయర్‌తో విలువ కట్టించి, అతని వాటా సొమ్మును వాయిదాల్లో చెల్లిస్తారు. "దివాలా తీస్తే వాటా సున్నా" అని రాయమని ఒకాయన సలహా ఇచ్చారు. అప్పులవాళ్లను ఎగ్గొట్టడానికి రాసిన మాట కోర్టులో నిలబడదు, పైగా మిగిలిన డీడ్ మీద కూడా అనుమానం తెస్తుంది. ఫర్మ్స్ రిజిస్ట్రార్ దగ్గర మార్పు నమోదు చేయించాం, జీఎస్టీలో పదిహేను రోజుల్లోపు సవరణ పెట్టాం. ఈ రెండూ తేలిగ్గానే అయిపోయాయి.

బ్యాంకు తేలిగ్గా కాలేదు. బావ పర్సనల్ లోను, ఫర్మ్ కరెంటు ఖాతా ఒకే బ్రాంచిలో ఉన్నాయి. లోను మూడు వాయిదాలు తప్పగానే ఫర్మ్ ఖాతా మీద హోల్డ్ పెట్టారు, సంతకందారు కస్టమర్ ఐడీ ఒకటే అని. ఫర్మ్ పాన్, డీడ్, రిజిస్ట్రేషన్ నకలు జత చేసి, ఒక భాగస్వామి సొంత బాకీకి ఫర్మ్ సొమ్మును జమ కట్టుకునే హక్కు మీకు లేదని రాతపూర్వకంగా ఇచ్చాం. బ్రాంచిలో ఎవరూ పట్టించుకోలేదు. నోడల్ అధికారికి మెయిల్ పెట్టి, 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు వెళ్తామని రాశాక తొమ్మిదో రోజున తీశారు. ఆ నెల కూడా జీతాలు ఏడో తారీఖునే ఇచ్చాం, అది మాత్రం గర్వంగా చెప్పుకుంటాను. సొంత లోను ఉన్న బ్యాంకులో వ్యాపారం ఖాతా పెట్టకండి. ఎవరు ఎన్ని మాటలు చెప్పినా పెట్టకండి.

ఇక అమీనా (జప్తుకు వచ్చే కోర్టు ఉద్యోగి) వచ్చిన రోజు.

నోటు దావాల్లో ఒకటి డిక్రీ అయింది, ఈపీ (డిక్రీ అమలు చేయమనే అర్జీ) వేశారు, చరాస్తుల జప్తుకు వారంటు వచ్చింది. వారంటు మీద బావ పేరు, మా షెడ్డు అడ్రసు. పొద్దున పదకొండున్నరకు అమీనా, డిక్రీదారు (దావా గెలిచిన అప్పులాయన), ఇంకో ఇద్దరు, గేటు బయట ఒక ట్రాలీ ఆటో. పంపుల కంపెనీ నుంచి ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన కుర్రాడు వెర్నియర్ చేతిలో పట్టుకుని అక్కడే ఉన్నాడు. డిక్రీదారు నేరుగా వెళ్లి మెయిన్ ఆఫ్ చేయించాడు. రెండో లేత్ మీద షాఫ్టు ఫినిషింగ్ కట్‌లో ఉంది. కోత మధ్యలో మిషన్ ఆగితే టూల్ ఆగిన చోట సన్నటి ఉంగరంలా గీత పడుతుంది, ఆ షాఫ్టు ఇక స్క్రాపే. ఆ గీతను ఆ కుర్రాడు చూశాడు. పనివాళ్లు పన్నెండు మంది చేతులు కట్టుకుని నిలబడ్డారు. బావ టూల్ క్రిబ్ (పనిముట్లు ఉంచే గది) పక్కన గోడ వైపు తిరిగి నిలుచున్నారు. ఆ వీపు నేను మర్చిపోలేను.

"ఇది ఎవరి పేరు మీద ఉంది?" అని అమీనా అడిగాడు. డీడ్ చూపించాను. "అది నాకు వద్దు సార్, వారంట్ల ఏం రాసుందో అది పట్టాలె. మీ క్లెయిమ్ ఏమున్నా కోర్టుల చెప్పుకోండ్రి" అన్నాడు. అతని పని వరకు అది నిజమే, అక్కడ వాదించి లాభం లేదు. కానీ ఆ గంటలో మనం చేయాల్సినవి కొన్ని ఉంటాయి. వాటిని మాకెవరూ చెప్పలేదు.

అతను జాబితాలో "లేత్ మిషన్లు 3" అని రాశాడు. అలా రాస్తే ఏ లేత్ ఏదో రేపు రుజువు చేయడానికి దారి ఉండదు, మన బిల్లు దేనికి సరిపోతుందో కోర్టుకు తెలియదు. సీరియల్ నంబర్లు వేయమని పట్టుబట్టాను. నంబరు చాలా లేత్‌లకు బెడ్ చివర, టెయిల్‌స్టాక్ వైపు పంచ్ చేసి ఉంటుంది. ఏళ్ల గ్రీజు, కూలెంట్, బురాదా పేరుకుని కనబడదు. మోకాళ్ల మీద కూర్చుని కాటన్ వేస్ట్‌తో, కిరోసిన్‌తో తుడిచి మూడింటి నంబర్లూ చదివి రాయించాను. డిక్రీదారు పక్కన నిలబడి "టైం వేస్టు చేస్తున్నడు" అని అరుస్తూనే ఉన్నాడు. పంచనామా మీద సంతకం పెట్టేటప్పుడు "అభ్యంతరంతో, ఈ మిషన్లు ఫర్మ్ ఆస్తి" అని పక్కన రాసి పెట్టాను. ఉత్త సంతకం పెట్టి ఉంటే ఒప్పుకున్నట్టే చదివేవాళ్లు.

ఆ తర్వాత కాస్టింగుల మీద పడ్డారు. మూలన ఉన్న రెండు వందల కిలోలకు పైగా కాస్టింగులు మావి కావు, కస్టమర్ జాబ్‌వర్క్‌కు పంపినవి. డెలివరీ చలాన్ ఫైలు ఆఫీసు గదిలో కాకుండా ఆ ర్యాకుకే వేలాడదీసే అలవాటు మాకు ముందు నుంచీ ఉంది. చలాన్ నంబరు, తేదీ, ముక్కల లెక్క చూపించగానే అమీనా వాటిని వదిలేశాడు. ఆ ఫైలు దొరకడం పది నిమిషాలు ఆలస్యమైతే అవి ట్రాలీ ఎక్కేవి, ఆ కస్టమర్ మాకు మళ్లీ పని ఇచ్చేవాడు కాదు.

పునాదికి బిగించిన లేత్‌లను మోసుకుపోలేరు. అలాంటివి అక్కడే ఒక నమ్మకస్తుడి కస్టడీలో ఉంచవచ్చు, సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఆర్డర్ 21లో 43ఎ రూల్ ఉంది. మా ఎదురు షెడ్డు యజమాని పూచీ సంతకం పెట్టారు. ఆ ముసలాయనకు మా కుటుంబం రుణపడి ఉంది.

మర్నాడే అదే ఆర్డర్‌లోని రూల్ 58 కింద, జప్తు చేసింది ఫర్మ్ ఆస్తి అని క్లెయిమ్ పిటిషన్ వేశాం. వేలం అయిపోయాక వేస్తే కోర్టు అసలు తీసుకోదు, కావాలని ఆలస్యం చేశారనిపించినా తోసేస్తుంది. మా ఆధారం రూల్ 49. ఫర్మ్ మీద వచ్చిన డిక్రీకి తప్ప, ఒక భాగస్వామి సొంత డిక్రీకి ఫర్మ్ ఆస్తిని జప్తు చేయకూడదు. అప్పులవాడు అతని వాటా మీద, లాభాల మీద మాత్రమే ఛార్జ్ (బాకీ వసూలుకు హక్కు) అడగవచ్చు, ఆ ఛార్జ్‌ను మిగతా భాగస్వాములు డబ్బు కట్టి విడిపించుకోవచ్చు. మిషన్లు అమ్మబోమని రాసిచ్చి, నడుపుకోవడానికి అనుమతి తెచ్చుకునేసరికి పదకొండు రోజులు పట్టింది.

రూల్ మనవైపే ఉన్నా, ఏ మిషన్‌కు ఆ మిషన్ విడిగా రుజువు కావాలి. మొదటి లేత్ బిల్లు ఫర్మ్ పేరు మీద, నంబరుతో సహా ఉంది, పేచీ లేదు. రెండోది 2014లో కొన్నది, అమ్మినవాడు బావ సొంత పేరు మీద బిల్లు రాశాడు, అప్పుడు మేం పట్టించుకోలేదు. డిక్రీదారు లాయరు దాన్నే పట్టుకున్నాడు. భాగస్వామ్య చట్టం 14వ సెక్షన్ ప్రకారం ఫర్మ్ సొమ్ముతో కొన్నది, వేరే ఉద్దేశం కనబడకపోతే, ఫర్మ్ కోసం కొన్నదే. పాత బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఫర్మ్ ఖాతా నుంచి వెళ్లిన ఆర్‌టీజీఎస్ వరుస ఒక్కటి, బ్యాంకు హైపోథికేషన్ (లోనుకు తాకట్టు) జాబితాలో నంబరు, ఇన్సూరెన్స్ పాలసీ, ఈ మూడింటితో అది దక్కింది. బ్యాలెన్స్ షీటు మాత్రం ఎందుకూ పనికిరాలేదు, మా ఆడిటర్ ఏళ్ల తరబడి "ప్లాంట్ అండ్ మిషనరీ" అని ఒకే అంకె వేస్తూ వచ్చాడు. ఫీజు తీసుకునే మనిషి ఒక్క ఆస్తుల రిజిస్టరు రాసి ఉంటే ఆరు వాయిదాలు తగ్గేవి.

మూడోది సెకండ్ హ్యాండ్, నగదుకు కొన్నాం, బిల్లు లేదు. పోయింది.

ఈలోగా ఇంకో నాలుగు దావాలు పడ్డాయి, బావ ఐపీ వేశారు. 2016 నాటి దివాలా కోడ్‌లో వ్యక్తుల భాగం 2019 డిసెంబర్ 1 నుంచి కంపెనీల అప్పుకు హామీ ఉన్నవాళ్లకే అమల్లో ఉంది, అవి ఎన్‌సీఎల్‌టీకి (కంపెనీ లా ట్రిబ్యునల్‌కు) వెళ్తాయి. బావలాంటి వాళ్లకు ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమే, సివిల్ కోర్టే. పిటిషన్‌లో ప్రతి అప్పు, ప్రతి ఆస్తి, ఫర్మ్‌లో వాటాతో సహా, దాచకుండా రాయాలి. ఆర్డరు పిటిషన్ వేసిన తేదీ నుంచే లెక్కలోకి వస్తుంది, మధ్యలో ఏది చేతులు మార్చినా తిరగబడవచ్చు. అంతకు ముందు రెండేళ్లలో సరైన ప్రతిఫలం లేకుండా రాసిచ్చిన ఆస్తిని రిసీవర్ (దివాలాదారు ఆస్తి చూడటానికి కోర్టు పెట్టే మనిషి) రద్దు చేయించవచ్చు, మూడు నెలల్లో ఒక అప్పులవాడికే పనిగట్టుకుని కట్టినా అంతే. "ఆడవాళ్ల పేరు మీదకు మార్చెయ్" అని చెప్పే పెద్దమనుషుల మాట వినకండి, కుటుంబం మొత్తాన్ని కోర్టుకు లాగుతారు. చెక్కు బౌన్సు కేసులు ఐపీతో ఆగవు, వాటికి విడిగా లాయరును పెట్టుకోవాల్సిందే.

సొంత యాజమాన్యం దుకాణమైతే ఈ గీతే లేదు, మనిషి ఆస్తీ దుకాణం ఆస్తీ ఒకటే. అప్పులు లేని రోజుల్లోనే దాన్ని భాగస్వామ్యంగానో కంపెనీగానో మార్చుకోవాలి. ప్రైవేటు లిమిటెడ్ అయితే మిషన్లకు భయం తక్కువ, కానీ దివాలా అర్జీ పెండింగ్‌లో ఉన్న మనిషి డైరెక్టర్‌గా ఉండకూడదు, కాబట్టి అతను తప్పుకున్నా ఇద్దరు డైరెక్టర్లు మిగిలేలా ముందే చూసుకోవాలి.

ఇప్పుడు వాల్యూయర్ వచ్చి ఐదు మిషన్లూ చూసి వెళ్లాడు. బావ వాటా సొమ్ము నేనూ ఫోర్‌మనూ రిసీవర్‌కు కట్టాలి. బావ సోమవారం నుంచి జీతానికి వస్తున్నారు, పే స్లిప్పుతో, బ్యాంకు ద్వారా. చెక్కుల మీద సంతకం లేదు. రాణిగంజ్‌కు కొనుగోళ్లకు ఆయన్ను పంపడం మానేశాం, ఎందుకంటే డిశ్చార్జ్ కాని (కోర్టు ఇంకా అప్పుల నుంచి విడుదల చేయని) దివాలాదారు ఆ సంగతి చెప్పకుండా 50 రూపాయలు అరువు తెచ్చినా ఆ చట్టం కింద నేరమే. కార్బైడ్ ఇన్సర్ట్‌ల డబ్బాకు ఇప్పుడు ఫోర్‌మన్ వెళ్తున్నాడు.