దూలాలు ఎందుకు వంగాయి?

డాంకీ కాంగ్ అనే పాత వీడియో గేమ్ ఇంటి వెర్షన్ మాట ఎత్తితే చాలు, "అందులో ఒక స్టేజ్ లేదుగా" అంటారు ఎవరో ఒకరు. లేదు, నిజమే. 1981 నాటి ఆర్కేడ్ (నాణెం వేసి ఆడే) మెషీన్‌లో 25, 50, 75, 100 మీటర్లు అని నాలుగు స్టేజ్‌లు. 1983 జులైలో జపాన్‌లో నింటెండో ఇంటి గేమ్ మెషీన్ ఫ్యామికాం వచ్చిన రోజే దానితోపాటు వచ్చిన కార్ట్రిడ్జ్‌లో మూడే. కన్వేయర్ బెల్టుల మీద సిమెంట్ తట్టలు కదిలే 50 మీటర్ల స్టేజ్ తీసేశారు. ప్రోగ్రామూ బొమ్మలూ కలిపి మొత్తం ఆట 24 కిలోబైట్లు మరి! 2010లో యూరప్‌లో ఎర్ర రంగు వీ కన్సోల్‌తో ఇచ్చిన ప్రత్యేక ఎడిషన్‌లో ఆ స్టేజ్‌ని మళ్లీ కలిపారు కూడా.

నాకు ఆ తట్టల మీద పెద్ద బెంగేమీ లేదు. నా బాధంతా మొదటి సీన్ గురించి.

ఆర్కేడ్‌లో ఆట మొదలవగానే కాంగ్ అనే గొరిల్లా పౌలీన్ అనే అమ్మాయిని ఎత్తుకుని నిచ్చెన ఎక్కుతాడు. అప్పటికి దూలాలన్నీ తిన్నగానే ఉంటాయి. పైకి చేరాక దబదబా గెంతుతాడు. ఒక్కో గెంతుకి ఒక్కో దూలం వంగుతుంది. వాడు మన మీదికి వదిలే పీపాలు దొర్లడానికి కావాల్సిన వాలు అలా వచ్చిందన్నమాట. కథా, ఆట తీరూ రెండూ కొన్ని సెకన్లలో, ఒక్క మాట లేకుండా చెప్పేశాడు ఈ ఆట రూపకర్త మియమోటో. ఇంటి వెర్షన్‌లో అదేమీ లేదు. టైటిల్ దాటగానే వాలు దూలాల మీద నిలబడి ఉంటాం.

మా అమ్మాయి ఆడుతూ "ఇంత వంకర బిల్డింగ్ ఎవరు కట్టారు నాన్నా?" అంది. ఇప్పటి నింటెండో కన్సోల్ స్విచ్‌లో రెండు వెర్షన్లూ ఉన్నాయి కాబట్టి ఆర్కేడ్‌ది పెట్టి చూపించాను. "ఓహో, వీడి పనా!" అంది.

స్టేజ్‌కి ముందు ఎంత ఎత్తుకి వచ్చామో చూపించే స్క్రీన్ కూడా పోయింది. అందుకే 25 నుంచి ఏకంగా 75కి దూకామని ఇంట్లో ఆడేవాళ్లకి తెలిసే దారే లేదు. పైగా ఆర్కేడ్‌ది నిలువు స్క్రీన్, టీవీది అడ్డం. అంతస్తులన్నీ నొక్కి సర్దినట్టుంటాయి, ఎత్తు ఎక్కుతున్న భయం కాస్త తగ్గుతుంది.

అయినా మేం ఎక్కువగా ఆడేది ఇంటిదే. ఫ్యామికాం కంట్రోలర్ మీది ప్లస్ ఆకారం బటన్ అసలు నింటెండో డిజైనర్ గన్‌పే యోకోయ్ 1982లో డాంకీ కాంగ్ చేతి ఆట కోసం చేసింది, కాబట్టి ఈ ఆటకి అది పరాయిది కాదు. నిచ్చెన అంచున ఆగడం, చివరి క్షణంలో వెనక్కి తిరగడం దానితో హాయిగా కుదురుతాయి.

చివరి స్టేజ్‌లో మాత్రం మా ఇద్దరికీ పడదు. దూలాల్ని బిగించిన ఎనిమిది రివెట్లు (మేకుల్లాంటివి) ఊడగొట్టాలి. ఊడిన చోట పడే ఖాళీని మన వెంటపడే మంటలు దాటలేవు, మనం దూకొచ్చు. అందుకని ముందు ఒక పక్క రివెట్లన్నీ తీసేసి మంటలకి దారి మూసేద్దామంటాను. తను మంటల్ని కొట్టే సుత్తి కనిపిస్తే చాలు పరిగెడుతుంది. సుత్తి చేతిలో ఉన్నంతసేపూ నిచ్చెన ఎక్కలేమని ఎన్నిసార్లు చెప్పినా వినదు. స్కోర్ మాత్రం తనదే ఎక్కువ.