తకిట తకిట తక తక

నిన్న అలిపిరి నుంచి ఆటోలో వస్తుంటే డ్రైవరన్న ఫోన్ మోగింది. 'మిషన్ ఇంపాజిబుల్' మ్యూజిక్. మా పాప ఒళ్లో ఉన్న టిఫిన్ బాక్సు మూత మీద వేళ్లు ఆడించింది. మృదంగం నేర్చుకుంటోంది, రెండేళ్లయింది.

"నాయనా, ఇది ఖండం, అంటే ఐదు లెక్క! తకిట తకిట తక తక. లెక్కపెట్టి చూడు, పదొస్తాయి, రెండైదులు."

ఇన్నేళ్లు విన్నాను, లెక్కపెట్టాలనే తట్టలేదు. ఇంటికొచ్చి తాళం వేస్తే నిజమే. మూడు, మూడు, రెండు, రెండు. అంటే రెండు పొడుగు, రెండు పొట్టి. టెలిగ్రాం పంపే మోర్స్ కోడ్‌లో ఎం, ఐ అక్షరాలూ ఇంతే: రెండు గీతలు, రెండు చుక్కలు. ఆ రెండూ కథ పేరులోని మొదటి అక్షరాలే! ఒళ్లు జలదరించింది.

ఈ మ్యూజిక్ కట్టింది లాలో షిఫ్రిన్, 1966లో, అమెరికా టీవీ సీరియల్ కోసం. పుట్టింది బ్యూనస్ ఎయిర్స్‌లో, జాజ్ పియానో వాయించేవాడు. 1996లో సినిమా వచ్చినప్పుడు యూ2 అనే రాక్ బ్యాండ్‌లోని ఇద్దరు దీన్ని చాలావరకు నాలుగు లెక్కలోకి మార్చారు. అదీ బాగా ఆడింది. నాకు మాత్రం పాతదే ప్రాణం. నాలుగులో పాట నడుస్తుంది, ఐదులో వెనకెవరో తరుముతున్నట్టే ఉంటుంది.

షిఫ్రిన్ 2025 జూన్‌లో, 93 ఏళ్ల వయసులో పోయారు.

రాత్రి అన్నాలయ్యాక పాప నా చెయ్యి పట్టుకుని తన తొడ మీద తాళం వేయించింది. "ఆఖరి తకలు తొందరపడతా ఉండావు నాయనా. ఇంగోసారి వెయ్."