కొట్టడం సులువే, కట్టె కదిలించడమే కష్టం

చెట్టు కొట్టే మనుషులు అడిగిందే తడవు దొరికినారు. కొట్టినాక ఆ కట్టె ఎవరికి తోలాలనేదే పెద్ద పంచాయితీ అయింది. అనంతపురంలో మా ఇంటెనక ఎండిపోయిన వేపమానును నీళ్లు, నేల, చెట్లను కాపాడే వాల్టా చట్టం (2002) కింద పర్మిషన్ తీసుకునే కొట్టించినాం.

సామిల్లు ఆయన లావు మొద్దును గోటితో గీకి, ఎర్రగా కనపడ్డాక, "చేవ బాగుంది సామీ, దర్వాజాకు పనికొస్తాది" అన్నాడు. ఆయనిచ్చిన రేటు మాత్రం అడగొద్దండి! కొమ్మల్ని పెండ్లి వంటల మామ ఆటోలో ఏసుకుపోయినాడు.

మిగిలింది పేళ్లు, రంపపు పొట్టు. చెత్తబండి ఆయన చూసి "ఇది మా పని కాదక్కా" అనేసినాడు. పక్కింటోళ్లేమో అగ్గిపెట్టేయమన్నారు. ఊరంతా పొగేసుకోవడం నాకు నచ్చదు.

ఆఖరికి ఆ పొట్టును మా బావ చీనీ (బత్తాయి) తోటకు తోలించినాం. పాదుల్లో నాలుగు వేళ్ల మందం పరిస్తే ఎండకు తేమ ఆరదు, కలుపూ తగ్గుతాది. మట్టిలో మాత్రం కలపకూడదు, కుళ్లేటప్పుడు చెట్టుకు అందాల్సిన నత్రజని లాగేసుకుంటాది. మొదలుకు ఆనించకూడదు కూడా, తేమ తగిలితే చీనీకి అసలే మొదట్లో బంక కారే తెగులు.

ఇంకా కొన్ని గోతాల పొట్టుంది. కావాల్సినోళ్లు రాండి, ఖాళీ సంచులు మీరే తెచ్చుకోండి.