చీరాల 1921: పాత పత్రికల్లో ఒక ఊరి చరిత్ర, ఇప్పటిదాకా జరిగిన పని

చీరాల-పేరాల ఉద్యమం గురించి ఎక్కడ చదివినా అవే నాలుగు ముక్కలు కనిపిస్తాయి. మద్రాసు ప్రభుత్వం రెండు గ్రామాల్నీ కలిపి మునిసిపాలిటీ చేసింది. పన్ను 4,000 రూపాయల నుంచి 40,000కు పోయింది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద జనం ఊరు ఖాళీ చేసి హద్దు అవతల రామనగరంలో గుడిసెలు వేసుకున్నారు. సుమారు పదకొండు నెలలకు తిరిగొచ్చారు. ఆ పదకొండు నెలల్లో ఏ వారం ఏం జరిగిందో మాత్రం ఈ ముక్కల్లో ఉండదు. గుడిసెల్లో వాన కాలం ఎలా గడిచింది? బకాయిలకు ఎవరి సామాను జప్తు చేశారు? వేలంలో ఎవరైనా కొన్నారా? ఇలాంటివి తేలాలంటే ఆ రోజుల పత్రికల్లోకే వెళ్లాలి. అక్కడా పెద్ద అక్షరాల శీర్షికల కన్నా అడుగున సన్నచ్చులో పడ్డ ఉత్తరాలు, నోటీసుల్లోనే సరుకు ఎక్కువ. ఆనాటి పత్రికల నుంచి వారం వారం వరస కట్టే ఈ పనికి పెట్టుకున్న హద్దు 1921 మార్చి నుంచి 1922 ఏప్రిల్ వరకు. ఊరు ఒక్కటే, కాలం పద్నాలుగు నెలలే. ఇంతకన్నా వెడల్పుగా మొదలుపెడితే పని తెమలదు.

ముందు తేదీల నిచ్చెన

సంపుటాలు తెరవకముందే, ఖాయంగా తెలిసిన తేదీల్ని ఒక కాగితం మీద వరసగా రాసుకోవాలి. ఈ పనికి మెట్లు ఇవి. 1921 జనాభా లెక్కల రాత్రి మార్చి 18. బెజవాడ అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం మార్చి 31, ఏప్రిల్ 1. గాంధీ చీరాల రావడం ఏప్రిల్ 6. ఊరు ఖాళీ చేయడం ఏప్రిల్ చివర. పానగల్ రాజా మద్రాసు ముఖ్యమంత్రి కావడం జులై. ఆయన అంతకుముందు స్థానిక స్వపరిపాలన మంత్రి, అంటే మునిసిపాలిటీ వ్యవహారం నేరుగా ఆయన చేతిలోనిదే. బరంపురంలో గోపాలకృష్ణయ్య అరెస్టు ఆ శరదృతువులో.

జనాభా లెక్కల తేదీని వరసలో పెట్టడానికి కారణం ఉంది. ఆ లెక్క వలసకు నెల ముందుది. కాబట్టి 1921 లెక్కల సంపుటంలో ఉన్నది నిండు ఊరి జనాభా. 'జనం వెళ్లిపోయాక లెక్కపెట్టారు కనుక సంఖ్య నమ్మలేం' అని వాదించడానికి వీల్లేదు.

సంఘటన జరిగిన తేదీనాటి పత్రిక తీస్తే సాధారణంగా ఏమీ దొరకదు. తంతి ద్వారా వచ్చిన వార్త మర్నాడో మూడోనాడో పడుతుంది. ఊళ్లోని విలేఖరి ఉత్తరం రాస్తే, అది మద్రాసు చేరి, అచ్చులో చోటు దొరికేసరికి వారం దాటవచ్చు. అందుకని ప్రతి మెట్టుకూ మర్నాటి నుంచి పదో రోజు దాకా అన్ని సంచికలూ, ప్రతి సంచికలో అన్ని పుటలూ చూడాలి. వార్త పైన ఉన్న ఊరు, తేదీని విడిగా రాసుకోవాలి. పత్రిక తేదీనే సంఘటన తేదీగా ఎక్కిస్తే నిచ్చెన మొత్తం పక్కకు జరుగుతుంది. స్థానిక చరిత్ర వ్యాసాల్లో ఒకే సభకు రెండు మూడు తేదీలు తిరగడానికి ఎక్కువసార్లు ఇదే కారణం.

బైండు సంపుటాల్లో సంచికలు తారుమారై కుట్టుకుపోవడం మామూలే. స్కాను ఫైళ్లకు తప్పు తేదీ పేరు పడటమూ అంతే. పత్రిక తలకట్టులో వారం, తెలుగు సంవత్సరం, తిథి ఉంటే వాటితో సరిచూడొచ్చు. 1921 ఏప్రిల్ 6 బుధవారం. ఏప్రిల్ 8 అమావాస్య, 9 శనివారం ఉగాది. అంటే గాంధీ వచ్చిన రోజు ఇంకా రౌద్రి నామ సంవత్సరమే, దుర్మతి మూడు రోజుల తర్వాత మొదలవుతుంది. 'ఏప్రిల్ 6' పేరున్న ఫైలు తలకట్టు మీద దుర్మతి కనిపిస్తే ఆ ఫైలు పేరు తప్పు.

ఏ పత్రిక దేనికి

కాశీనాథుని నాగేశ్వరరావు ఆంధ్రపత్రిక 1914 నుంచి మద్రాసులో దినపత్రిక. రోజువారీ వరస కట్టడానికి అదే వెన్నెముక. కృష్ణాపత్రిక బందరు నుంచి, ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వంలో వచ్చిన వారపత్రిక. కొత్త వార్త అందులో ఆలస్యంగా వస్తుంది కానీ వ్యాఖ్య లోతుగా ఉంటుంది, ఒక్కోసారి దినపత్రికలో విడిపోయి పడ్డ సంగతులు అక్కడ ఒకచోట చేరతాయి. రెండూ ఉద్యమం వైపు మొగ్గినవే. కాబట్టి ఎదుటి పక్షం మాట వినడానికి జస్టిస్ పార్టీ ఇంగ్లీషు పత్రిక 'జస్టిస్' చూడాలి, ఆనాటి ప్రభుత్వం వాళ్లదే. హిందూ పత్రికను మూడో సాక్షిగా పక్కన పెట్టుకోవాలి. ప్రకాశం 'స్వరాజ్య' 1921 చివర్లో మొదలైంది, ఊరు ఖాళీ చేసిన రోజులకు అది పనికిరాదు. గాంధీ 'యంగ్ ఇండియా' పుటలు గాంధీ హెరిటేజ్ పోర్టల్‌లో ఉచితంగా చూడొచ్చు.

సంచికలు దొరికే చోట్లలో మొదటిది ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ (ఇప్పటి మీడియా అకాడమీ) డిజిటల్ ఆర్కైవ్. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక అక్కడ పుటల బొమ్మలుగా ఉన్నాయి. మాట కొట్టి వెతకడం కుదరదు, తేదీతోనే వెళ్లాలి. రెండోది వేటపాలెం సారస్వత నికేతనం. 1918లో పుట్టిన గ్రంథాలయం, చీరాలకు పక్కనే. పాత పత్రికల్ని దశాబ్దాల తరబడి కాపాడిన ఇలాంటి చోటు ఒక చిన్న ఊళ్లో ఉండటం మన అదృష్టం. హైదరాబాదులో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం కూడా చూడదగ్గవి. వెళ్లేముందు ఫోను చేసి, కావాల్సిన సంవత్సరం, నెల చెప్పి, ఫొటోకు అనుమతి ఉందో లేదో అడగడం తప్పనిసరి.

సంచిక ఎక్కడా దొరక్కపోతే పక్కదారి ఒకటుంది. మద్రాసు ప్రభుత్వం దేశీయ పత్రికల మీద నిఘా పెట్టి, వారం వారం ఇంగ్లీషు సారాంశాలు రహస్యంగా అచ్చేయించుకునేది. పత్రిక పేరు, తేదీ, అనువాదం అన్నీ వాటిలో ఉంటాయి. పోయిన సంచికలో ఏముందో వాటి నుంచి కొంత తిరిగి రాబట్టవచ్చు. అయితే సర్కారుకు గుచ్చుకున్న ముక్కలే వాటిలో ఎక్కుతాయి. సంతబేరం, వాన, కలరా లాంటివి కనిపించవు. మునిసిపాలిటీ హద్దులు, పన్నుల ఉత్తర్వులకైతే మద్రాసు ప్రభుత్వ గెజెట్ అయిన ఫోర్ట్ సెయింట్ జార్జి గెజెట్ చూడాలి.

ఫొటో తీసే లెక్క

పెద్ద సైజు పత్రిక పుట సుమారు 55 సెంటీమీటర్ల ఎత్తు, 38 వెడల్పు. 12 మెగాపిక్సెల్ ఫోను ఇచ్చే బొమ్మ 4000 × 3000 చుక్కలు. అక్షరాలు గుర్తించే సాఫ్ట్‌వేర్‌కు అంగుళానికి 300 చుక్కలు కావాలి. అంటే ఒక ఫొటోలో సరిగ్గా పట్టేది 34 × 25 సెంటీమీటర్లే. పుట మొత్తాన్ని ఒకే ఫొటోలో ఇరికిస్తే 185 చుక్కల దగ్గర ఆగిపోతుంది, వత్తులన్నీ మసకబారతాయి. కాబట్టి పుటకు నాలుగు ముక్కలు, ఒకదాని మీద ఒకటి మూడు సెంటీమీటర్లు ఎక్కేలా తీయాలి.

ఫ్లాష్ వద్దు. కిటికీ వెలుతురు పక్క నుంచి పడితే చాలు. వెనక పుట అచ్చు ఇవతలికి కనిపిస్తుంటే, పుట కింద నల్ల డ్రాయింగ్ షీటు పెడితే అది చాలా వరకు అణగిపోతుంది. బైండును బల్లపరుపుగా నొక్కకూడదు. ఆ కాలపు న్యూస్‌ప్రింటు చెక్కగుజ్జుతో చేసింది, పసుపెక్కి పెళుసుబారి ఉంటుంది, మడత దగ్గరే విరుగుతుంది. సగం తెరిచి, తెరిచిన అట్ట కింద గుడ్డచుట్ట ఆనించి, కుట్టు పక్క వరసను విడిగా ఏటవాలుగా తీయాలి. వేలు తడిచేసి పుట తిప్పడం, పెన్ను వాడటం నిషిద్ధం. పెన్సిలే వాడాలి.

ఇంటికొచ్చాక గింప్‌లో (బొమ్మలు సరిదిద్దే సాఫ్ట్‌వేర్) బొమ్మను మూడు రంగుల పొరలుగా విడగొట్టి, ఎరుపు పొర ఒక్కటే ఉంచుకోవాలి. పసుపు, గోధుమ మరకలు ఆ పొరలో తెల్లబడిపోతాయి, సిరా నల్లగానే నిలుస్తుంది. నేరుగా నలుపు-తెలుపు చేస్తే మరకలూ నల్లగానే మారి అక్షరాల్ని మింగేస్తాయి.

యంత్రం తడబడే చోట్లు

అక్షరాలు గుర్తించే సాఫ్ట్‌వేర్ టెసరాక్ట్‌కు తెలుగు మోడల్ ఉంది. పుట మొత్తం ఇస్తే పక్కపక్క నిలువు వరసల్ని కలిపి చదివేస్తుంది. ముందు ఒక్కో వరసనూ కత్తిరించి, పుట విభజన 6వ పద్ధతిలో (అంతా ఒకే దిమ్మె అని చెప్పే పద్ధతి) ఇస్తే ఫలితం మెరుగు. అయినా ఈ కాలపు ఫాంట్ల మీద నేర్చిన మోడల్‌కు సీసపు అచ్చు కొరుకుడుపడదు. విరిగిన గుడి దీర్ఘాలు, శకటరేఫ (ఱ), అరసున్న (ఁ) అన్నీ చిక్కులే. యంత్రం చదివింది వార్త ఎక్కడుందో కనిపెట్టడానికి మాత్రమే వాడాలి. ఉటంకించే పాఠాన్ని కళ్లతో చదివి చేత్తో టైపు చేయాలి.

వెతకడంలో అసలు చిక్కు మరొకటి. 'చీరాల' అని కొడితే సగం తప్పిపోతాయి. కారణాలు మూడు. ఒకటి, చ, వ, బ ఒకదానికొకటిగా మారి 'వీరాల', 'బీరాల' అని వస్తుంది, గుడి దీర్ఘం పోతే 'చిరాల' అవుతుంది. రెండు, పాత అచ్చులో పంక్తి చివర మాటను గీత లేకుండానే విరిచేసేవారు. 'చీరా' ఒక పంక్తిలో, 'లకు' తర్వాతి పంక్తిలో. పంక్తులన్నీ కలిపేసి, మధ్య ఖాళీలు తీసేసి వెతికితే తప్ప దొరకదు. మూడు, సంధి. గ్రాంథికంలో ద్రుతం (మాట చివరి నకారం) తర్వాత పరుషాలు (క, చ, ట, త, ప) సరళాలు (గ, జ, డ, ద, బ) అవుతాయి కదా, 'అనుచరులతోఁ జీరాలకు', 'చీరాలయుఁ బేరాలయు' అనే తీరులో ఊరి పేరే మారిపోతుంది. 'జీరాల', 'బేరాల' కూడా వెతుకుడు మాటల్లో చేరాలి. అన్ని పత్రికలూ అన్ని చోట్లా ఈ సంధిని పాటించలేదు, కాబట్టి రెండు రూపాలూ ఉంచాలి.

వీటితో పాటు రామదండు (గోపాలకృష్ణయ్య వాలంటీర్ల దళం), రామనగరం, గోపాలకృష్ణయ్య, మునిసిపాలిటీ, మ్యునిసిపాలిటి, పురపాలక, ఇంటిపన్ను, జప్తు, వేలము అన్న మాటలు. చీరాల అప్పుడు గుంటూరు జిల్లాలోది. 1970లో ఏర్పడ్డ ప్రకాశం జిల్లాలోకి తర్వాత వెళ్లింది, 2022 నుంచి బాపట్ల జిల్లా. జిల్లా వార్తల్లో 'గుంటూరు' శీర్షిక కిందే చూడాలి. గోపాలకృష్ణయ్య అరెస్టు వార్తలు చీరాల పేరుతో ఉండకపోవచ్చు. నాయకుడు పట్టుబడింది బరంపురంలో, ఏడాది శిక్ష పడి ఉన్నది తిరుచిరాపల్లి జైలులో. ఆ రెండు ఊళ్ల పేర్లతోనూ వెతకాలి.

ఎక్కించే పద్ధతి, తేలిన ఒక లెక్క

లిబ్రాఆఫీస్ పట్టికలో ఒక్కో వార్తకు ఒక వరస. పత్రిక, సంచిక తేదీ, పుట, నిలువు వరస, వార్త పైన ఉన్న ఊరు-తేదీ, రకం (తంతి, ఉత్తరం, సంపాదకీయం, నోటీసు), మూలపాఠం యథాతథంగా, ఫొటో ఫైలు పేరు. ఫైలు పేరులో సంవత్సరం ముందు, తర్వాత నెల, తర్వాత తేదీ, అప్పుడే వరస తప్పకుండా అమరుతుంది. అన్నింటికన్నా ముఖ్యం ఇంకో గడి: 'ఈ వార్త ఎవరి నోటి నుంచి?' వలస వెళ్లినవారు 13,000 అన్న సంఖ్య పది వ్యాసాల్లో కనిపించినా, అవన్నీ ఒకదాన్ని చూసి ఒకటి రాసినవైతే సాక్ష్యం ఒక్కటే. మూలం దొరికేదాకా ఆ గడి ఖాళీగా ఉంచడమే నిజాయితీ.

పన్నును తలకు పంచి చూస్తే ఉద్యమం ఎందుకు రాజుకుందో అంకెల్లోనే కనిపిస్తుంది. ఊరి జనం సుమారు 15,000 అనుకుంటే, 4,000 రూపాయలంటే తలకు 4 అణాల 3 పైలు. 40,000 అంటే 2 రూపాయల 10 అణాల 8 పైలు (అణాకు 12 పైలు, రూపాయికి 16 అణాలు). అయిదుగురున్న ఇంటికి ఏడాదికి 13 రూపాయల పైమాటే. ఇది సగటు లెక్క మాత్రమే, పన్ను తలకు వేయరు, ఇంటిని బట్టి, వృత్తిని బట్టి వేస్తారు. అందుకే జప్తు నోటీసులు అంత విలువైనవి, వాటిలో ఒక్కో ఇంటి మీద పడ్డ మొత్తం ఉంటుంది.

ఆ నోటీసుల్లో మామూలు మనుషుల పేర్లు, ఇంటిపేర్లు ఉంటాయి. వాళ్ల మనవలు ఇంకా ఊళ్లోనే ఉంటారు. బయట పెట్టేటప్పుడు పేర్లు తీసి, పేట, వృత్తి, మొత్తం మాత్రమే ఉంచడం మంచిది. హక్కుల సంగతికొస్తే, పేరు లేకుండా అచ్చయిన వార్తకు కాపీరైటు ప్రచురణ తర్వాత 60 ఏళ్లు. 1921 నాటి వార్తల్ని తిరిగి ప్రచురించడానికి అడ్డు లేదు. సంతకం ఉన్న వ్యాసమైతే రచయిత చనిపోయిన మరుసటి ఏటి నుంచి 60 ఏళ్లు లెక్కపెట్టాలి.

ప్రస్తుతం ఏప్రిల్, మే నెలల వరస కడుతున్నాం. తర్వాతి పని జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన కాలపు సంచికలు. వాటిలో 'విరాళములు' శీర్షిక కింద వచ్చే జాబితాల్ని వేరే పట్టికలో ఎక్కించాలి. ఏ ఊరు నుంచి ఎంత, డబ్బా ధాన్యమా, ఏ తేదీన అన్నది రాస్తే రామనగరానికి తిండి ఎటు నుంచి వచ్చిందో పటం గీయవచ్చు. బాపట్ల, తెనాలి, గుంటూరు, బందరు ప్రాంతాల్లో పాత కృష్ణాపత్రిక సంచికలు ఇళ్లలో ఉన్నవారు ఎవరైనా ఉంటే, కట్ట విప్పకుండా, పై సంచిక తలకట్టు ఒక్కటి ఫొటో తీసి తేదీ చూసుకోండి. 1921 జూన్ 1కీ సెప్టెంబరు 30కీ మధ్యదైతే పై పద్ధతిలో నాలుగు ముక్కలుగా తీసి ఉంచితే చాలు.